ర్యాప్ పాట చొక్కాకి నేను గంజి పెట్టిన సంగతి

ఆ రోజుల్లో అని మొదలుపెడితే, ముసలావిడ ఇక లంగా ఓణీల కాలం ఎత్తుకుంటుందని వినేవాళ్ళు సర్దుకుని కూర్చుంటారు. ఆ కాలంలో చెప్పుకోదగ్గది ఏమీ లేదు. మూడో తరగతితో బడి అయిపోయింది, పదహారో ఏట పెళ్ళయింది, ఆ తరవాత పొయ్యి వెలిగించాను. నేను చెప్పే ‘ఆ రోజులు’ ఆరేళ్ళ కిందటివి. అప్పుడే నేను కొత్తగా ఉద్యోగంలో చేరాను. నాకప్పటికి అరవై ఎనిమిది. అందరూ ఇరవై ఏళ్ళప్పుడు, పని తెలియక, తెలిసినట్టు మొహం పెట్టుకుని చేసే తప్పులు నేను ఆ వయసులో చేశాను. చేసినదాన్ని దాచుకోవడం నాకు అలవాటు లేదు (డబ్బాలో బెల్లం తప్ప), కాబట్టి చెబుతున్నాను.

మా ఊరు పామర్రుకి మూడు మైళ్ళు. మా ఆయన నేతపని చేసేవారు. మా అబ్బాయికి బెజవాడలో బట్టల కొట్టు ఉంది. వాడి కూతుర్ని నేను వడగళ్ళు అంటాను. దాని మాట అలా పడుతుంది, ఒకటి పడి రెండోది చూసుకునేలోపు పది పడతాయి. కాలేజీలో చేరాక అది ర్యాప్ పాటలు పాడటం మొదలుపెట్టింది. పాటంటే రాగం ఉండాలని నా నమ్మకం. ఇందులో రాగం ఉండదు. ఎవరితోనో పోట్లాడుతున్నట్టుంటుంది, ఎదుట మనిషి ఉండడు. మా అబ్బాయి ఫోన్ చేసి, “ఈ ఒక్క పాట వీడియో తీసుకుంటానంటోందమ్మా, తీసుకోనీ, దానితో మోజు తీరిపోతుంది” అన్నాడు. వాడి చిన్నప్పుడు గాలిపటాల గురించి వాళ్ళ నాన్నగారు కూడా అదే మాట అన్నారు. తీరలేదు.

వేసవి సెలవుల్లో ఒక పొద్దున్నే అది స్కూటర్ మీద దిగింది. నడిపేది దాని స్నేహితురాలు. వాళ్ళ నాన్న బెజవాడలో పెళ్ళి వీడియోలు తీసే సాయిబుగారు. ఈ పిల్లకి పుట్టినప్పటి నుంచి కెమెరాలే ఆటబొమ్మలట. ఎవరితో మాట్లాడుతున్నా ఒక కన్ను మూసి, తల కొంచెం పక్కకి వంచి చూస్తుంది. మనల్ని కాదు, మన వెనక గోడని చూస్తున్నట్టుంటుంది. అందుకని దానికి ఒంటికన్ను అని పేరు పెట్టాను. ఏమీ అనుకోలేదు. “మా నాన్నని కూడా అందరూ అలాగే అంటారు నానమ్మగారూ” అంది.

“నానమ్మా, తాతయ్య మగ్గం షెడ్డులో షూటింగు చేసుకుంటాం” అంది వడగళ్ళు, చెప్పులు విప్పకుండానే.

“మగ్గమెక్కడుందే? అందులో కొబ్బరిమట్టలు ఉన్నాయి.”

“మట్టలు తీసేస్తాం.”

“తీసి?”

“తీసి బయట పెడతాం.”

“బయట పెడితే చెద పట్టదూ?”

“గుంట ఉందిగా నానమ్మా. తాతయ్య కాళ్ళు పెట్టుకునే గుంట. మాకు అదే కావాలి.”

గుంట ఉన్న మాట నిజమే. గుంటమగ్గం తీసేశాక కూడా దాన్ని పూడ్చడానికి నాకు చేతులు రాలేదు, మట్టలు కప్పి ఉంచాను. సరే, తీసుకోండి అన్నాను. అప్పుడది సంచిలోంచి ఒక కోటు తీసింది. మెరుపుకాగితం చుట్టిన మిఠాయిపొట్లంలా ఉంది. ఎక్కడిదే అంటే అద్దెకి తెచ్చామంది. చంకలో వాసన చూశాను. ఆ కోటు నా మనవరాలి కన్నా ముందు చాలామందికి చెమటలు పట్టించింది.

“ఇది తొడుక్కుని దేని గురించి పాడతావే?”

“తాతయ్య గురించి.”

నేను ఆ కోటు మడిచి తిరిగి సంచిలో పెట్టాను. పాట వినిపించమన్నాను. వినిపించింది. ఒక్క ముక్క అర్థం కాలేదు. నెమ్మదిగా చెప్పమన్నాను, పద్యం అప్పజెప్పినట్టు. చేతులు కట్టుకుని చెప్పింది. ‘కాళ్ళు గుంటలో, కళ్ళు పోగులో, కడుపు రేపటిలో’ అని మొదలవుతుంది అది. నలభై ఏళ్ళకి పైగా ఆ మనిషితో కాపురం చేసి నేను అనలేని మాట పంతొమ్మిదేళ్ళ పిల్ల అంది. నాకు కోపం వచ్చినట్టనిపించింది. లేచి లోపలికి వెళ్ళాను.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఆయన నేసిన ఆఖరి బట్ట తాను నా దగ్గర ఉండేది. నల్లదారం, తెల్లదారం, సన్న గళ్ళు. ఆవగింజ గడి అంటారు మా ఇళ్ళల్లో. ఎంత సన్నమంటే, దూరం నుంచి చూస్తే బూడిదరంగు బట్ట అనుకుంటారు, చేతిలోకి తీసుకుంటేనే గడి తెలుస్తుంది. డాక్టరు మగ్గం మానేయమన్న తరవాత కూడా ఈ ఒక్కటీ పూర్తిచేస్తానని కూర్చుని నేశారు. నేసి, కోసి, మడిచి నా చేతికిచ్చారు. ఏం చేయమనో చెప్పలేదు. ఎనిమిదేళ్ళు వేపాకు మార్చుకుంటూ దాచాను. మా అబ్బాయి చొక్కా కుట్టించుకుంటానంటే ఇవ్వలేదు. ఇంట్లో కొత్త మగ్గం పెట్టినా ఇంకో గజం రాదు, ఆ చెయ్యి లేదు కనక. దాని మీద కత్తెర పెడితే ఇక పెట్టినట్టే. అలాంటి తానుని తెచ్చి ఆ పిల్లల ముందు పెట్టాను.

వడగళ్ళు చేతులు తుడుచుకుని దాని అంచు ముట్టుకుంది. ఒంటికన్ను రెండు కళ్ళూ తెరిచింది.

“కుట్టేది నేనే. బయట దర్జీకి ఇవ్వను. ఎలాంటి చొక్కా కావాలో చెప్పండి.”

“లూజుగా ఉండాలి నానమ్మా.”

“ఎంత లూజు?”

అది చేతులు చాపి చూపించింది. అందులో అదీ, నేనూ, మా అబ్బాయీ పట్టేలా ఉన్నాం. భుజాలు మోచేతుల దాకా జారాలట. అంచు మోకాళ్ళ దాకా రావాలట. వెనక మెడ దగ్గర టోపీ ఉండాలట (ఆ టోపీ తల మీద పెట్టుకోరు, వీపు మీద సంచిలా వేలాడుతుంది). బట్ట దండగ చేయడంలో ఇంత ఆలోచన పెట్టినవాళ్ళని నేనెప్పుడూ చూడలేదు. అప్పుడు ఒంటికన్ను నెమ్మదిగా చెప్పింది. “ఈ పాటలో కాళ్ళకి డాన్సు ఉండదండీ. మాట ఎక్కడ గట్టిగా పడుతుందో అక్కడ చెయ్యి విసురుతుంది. చేత్తోపాటు బట్ట కూడా కదిలితే ఆ మాట కంటికి కనపడుతుంది. ఒంటికి అతుక్కున్న చొక్కా అయితే చెయ్యొక్కటే కదులుతుంది.” దర్జీలకి కూడా లేని లెక్క అది. కాదనలేక కత్తెర తీశాను. మొదటి కోత పెట్టేటప్పుడు ఇద్దర్నీ బయటికి పొమ్మన్నాను.

రెండు రోజులు పట్టింది. కుట్టాక ఉతికి గంజి పెట్టాను. గంజి పెట్టని బట్ట గడప దాటితే మొహం కడుక్కోకుండా వీధిలోకి పోయినట్టేనని మా అత్తగారు అనేవారు. నేత ఇళ్ళల్లో అది పట్టింపు. ఇది మామూలుగా వీధిలోకి కూడా కాదు, కెమెరాలోకి పోతోంది. అందుకని పెళ్ళివారి పంచెకి పెట్టేదానికి రెండింతలు చిక్కగా పెట్టి, ఇస్త్రీ చేసి, దాని మీద కొంగు కప్పి నేనే షెడ్డుకి తీసుకెళ్ళాను. దించితే చొక్కా దానంతటదే నిలబడింది. పిల్ల అందులోకి దూరింది.

ఒంటికన్ను గుంటలోకి దిగి, నేలకి ఆనించి కెమెరా పెట్టింది. వడగళ్ళు పొట్టి. కింద నుంచి తీస్తే తాటిచెట్టంత కనపడుతుందట. ఎదుటివాణ్ణి పెద్ద చేయాలంటే మనం కింద కూర్చోవాలన్నమాట, అది మాత్రం మాకూ తెలిసిన మర్యాదే. పాట పెట్టారు. పాట పాడైపోయినట్టుంది, టేపు చుట్టుకుపోతే వచ్చే కీచుగొంతుతో పరిగెడుతోంది. ఆపండి, మిషను చెడింది అన్నాను. చెడలేదండీ, కావాలనే రెండింతల వేగంగా పెట్టాం అంది ఒంటికన్ను. ఇలా గబగబా పాడించి తీసుకుని, ఆనక బొమ్మని నెమ్మది చేస్తారట. అప్పుడు పెదాలు అసలు పాటకి సరిపోతాయి, బట్ట మాత్రం నీళ్ళలో తేలినట్టు మెల్లగా తేలుతుందట. సరే తేలనీ అని చూస్తూ నిలబడ్డాను.

తేలలేదు. వడగళ్ళు చెయ్యి విసిరింది, చొక్కా ఉన్నచోటే ఉంది. తిరిగింది, చొక్కా తిరగలేదు. బిందె మూతి లోంచి తల పెట్టి పోట్లాడుతున్నట్టుంది. కదిలినప్పుడల్లా అప్పడాలు విరిచినట్టు చప్పుడు.

ఒంటికన్ను గుంటలోంచి తల పైకెత్తింది. “నానమ్మగారూ, చొక్కాలో ఏమన్నా పెట్టారా అండీ?”

“గంజి.”

“ఎంతండీ?”

నేను చొక్కా విప్పమన్నాను. ముగ్గురం వెళ్ళి బోరు కింద ముంచి పిండాం. గంజి తెల్లగా పంటకాలవలోకి పోయింది. ఎండ మండిపోతోంది కనక అరగంటలో ఆరింది. అంతసేపూ వడగళ్ళు మా ఆయన పాత పంచె కప్పుకుని అరుగు మీద ఉప్మా తింది. “నానమ్మా, నువ్వు కాస్ట్యూమ్స్ చూస్తున్నావు కదా, హీరోయిన్ని గోడకి ఆనించి నిలబెట్టేంత గంజి ఎందుకు పెట్టావు?” అంది. ఆ పని పేరు అప్పుడే విన్నాను. ఆ ఉద్యోగం నాకే ఇచ్చారని అర్థమవడానికి ఉప్మా అయిపోయేదాకా పట్టింది.

అసలు కష్టం ఆరాక వచ్చింది. చొక్కా ఇప్పుడు చక్కగా ఊగుతోంది. వడగళ్ళు మాటకో విసురు విసురుతోంది. తీసింది చూద్దామని ఒంటికన్ను కెమెరా వెనక చిన్న తెర తిప్పింది. నేనూ కళ్ళజోడు పెట్టుకుని వంగాను. మనిషి బాగానే ఉంది. బట్ట మాత్రం పాకుతోంది. గళ్ళ మీద చీమలబారులు పోతున్నట్టు, ఎండలో కాలవనీళ్ళు మిలమిలలాడినట్టు, అలలు. నల్లా లేదు, తెల్లా లేదు. ఎక్కడివో ఎరుపు, పచ్చ, నీలం లేస్తున్నాయి. ఆ బట్టలో రంగు పోగు ఒక్కటీ లేదు.

“ఇదేమిటే?”

“సన్న గళ్ళు కదండీ.” ఒంటికన్ను గొంతు తగ్గించింది. “కెమెరా లోపల కూడా సన్న గళ్ళే ఉంటాయి. ఆ గళ్ళూ ఈ గళ్ళూ కలిసి ఇలా అలలు వస్తాయి. పెళ్ళిళ్ళలో ఇలాంటి చొక్కాలు చూస్తే మా నాన్న దండం పెట్టి మార్చుకోమంటాడు. నేను ముందే చెప్పాల్సింది. మీరు ఆ తాను తెచ్చి పెట్టినప్పుడు నోరు రాలేదండీ.”

నేను నిలబడి ఉన్నాను. కత్తెర పెట్టిన తాను. టోపీ, చేతులు, మోకాళ్ళ దాకా అంచు. దాన్ని మళ్ళీ తానుగా ఎవరూ చేయలేరు. అన్నీ చూస్తుందని నమ్మి దాన్ని కెమెరా ముందుకి తెచ్చాను. ఆ కంటికి ఆయన చెయ్యి ఆనలేదు.

“కొంచెం మసకగా తీస్తే పోతుందండీ” అంది ఒంటికన్ను.

“మసకగానా? ఆయన నేసింది మసకగా చూపిస్తావా?”

“పోనీలే నానమ్మా” అంది వడగళ్ళు. దాని మాట ఒక్కొక్కటే పడింది. “నా నల్ల టీషర్టు ఉంది. అది వేసుకుంటాను. ఈ చొక్కా నేను బయట వేసుకుంటాలే.”

అది నా మీద జాలిపడి అన్న మాట. నా మీద జాలిపడితే నాకు పడదు. “నువ్వలా గుంటలో నక్కి ఎంత దూరం నుంచి చూస్తున్నావు?” అన్నాను ఒంటికన్నుతో.

“ఆరడుగులండీ.”

“అది కొట్లో బేరమాడేవాడు చూసే దూరం. వాడికెప్పుడు తెలిసింది గనక నేత? నక్కడం మానెయ్. లేచి గుంట గట్టు మీద కూర్చో. కాళ్ళు లోపల పెట్టు. వీపు వంచు, ఇంకా వంచు. ఆయన ఇలా కూర్చునేవారు. బట్ట ఆయన కంటికి జానెడు దూరంలో ఉండేది. ఆ జానెడులోంచి చూడు.”

ఒంటికన్ను కూర్చుంది. సంచిలోంచి ఇంకో అద్దం తీసి కెమెరాకి బిగించింది, దగ్గరివి చూసే అద్దమట. వడగళ్ళని గుంట అవతలి గట్టు మీద మోకాళ్ళేసి కూర్చోబెట్టాను. మెడపట్టీ, గొంతు మాత్రమే పట్టేలా కెమెరా ఆనించింది. తెరలో గడి లేచి నిలబడింది. ఒక్కొక్క పోగు నులకతాడంత. నల్లపోగు తెల్లపోగు మీద నుంచి దాటడం, కింద నుంచి దూరడం కనపడింది. అలలు లేవు, చీమలు లేవు. గొంతు కదిలినప్పుడు పట్టీ కదిలింది. ‘కాళ్ళు గుంటలో’ అన్నప్పుడు ఆ నేత ఊపిరి పీల్చినట్టు ఉబ్బింది.

ముగ్గురం ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోలేదు. చూసుకుంటే పని ఆగుతుందని నాకు తెలుసు.

ఆ తరవాత ఒంటికన్ను ఒక పద్ధతి పెట్టుకుంది. తీస్తే జానెడు దూరంలో తీయాలి, లేదా రెండో పంట దాళ్వా కోతలైపోయిన చేల అవతల కాలవగట్టు మీద పిల్లని నిలబెట్టి ఇవతల నుంచి తీయాలి. అంత దూరానికి గడి మాసిపోయి చొక్కా మొత్తం బూడిదరంగుకి తిరుగుతుంది, గాలికి తెరచాపలా నిండుతుంది. మధ్య దూరం వద్దు. మనిషి నడుము దాకా కనపడే బొమ్మ ఆ వీడియోలో ఒక్కటి కూడా లేదు. తరవాత కాలేజీలో ఎవరో, ఈ పద్ధతి ఏ దేశం వాళ్ళ దగ్గర నేర్చుకున్నారని అడిగారట. మా నానమ్మ గంజి దగ్గర అని చెప్పిందట వడగళ్ళు.

సాయంత్రం నాలుగింటికి ఆఖరి ముక్క మిగిలింది. పాట చివర అది పిడికిలి బిగించి నేరుగా కెమెరా మీదకి తెస్తుంది, చేతిపట్టీ తెరంతా నిండాలి. మూడుసార్లు తీశారు. మూడోది బాగా వచ్చిందని చూపించారు. పిడికిలి వచ్చింది, పట్టీ వచ్చింది. పట్టీ మధ్యలో గుమ్మడిగింజంత ముడి వచ్చింది.

“అది తీసెయ్” అన్నాను.

“ఏదండీ?”

“ఆ ముడి. తెగిన పోగు అతికిన చోటు. నేతలో పోగు తెగుతుంది, అతుకుతాం. కానీ ముడి పైకి తేలనివ్వం, తేలితే పరువు తక్కువ. ఆయన అలా తేల్చే మనిషి కాదు. నేను కత్తిరించేటప్పుడు చూసుకోవాల్సింది. పట్టీ విప్పి ఇంకోటి వేస్తాను.”

“నానమ్మగారూ, అన్నిటికన్నా అదే బాగుందండీ. అది ఉంటేనే చేత్తో చేసిందని తెలుస్తుంది.”

“బాగుండటం కాదమ్మా. ఆయన పేరు.”

అని, ఎంత పెద్దదో చూద్దామని మళ్ళీ తెర మీదకి వంగాను. ఒంటికన్ను ఆ బొమ్మని అక్కడే నిలిపింది. ముడి చూశాను. దాని తోకలు రెండూ ఎడమకి తిరిగి ఉన్నాయి. మా ఆయన ముడి కుడికి తిరుగుతుంది, కుడిచేతివాటం వాళ్ళందరిదీ అంతే. నాది ఎడమచేతివాటం. అన్నం తినేటప్పుడు కుడిచెయ్యి వాడమని చిన్నప్పుడు కొట్టి నేర్పారు, ముడి వేయడం ఎవరూ నేర్పలేదు కనక అది ఎడమగానే మిగిలిపోయింది.

అప్పుడు గుర్తొచ్చింది. ఆ ఆఖరి తాను నాటికి ఆయనకి చూపు బాగా తగ్గింది. పోగు తెగితే కనపడేది కాదు. పిలిచేవారు కాదు. మగ్గం చప్పుడు ఆగేది, చిన్నగా దగ్గేవారు. నేను పొయ్యి దగ్గర నుంచి లేచి, చేతులు కొంగుకి తుడుచుకుని, పక్కన కూర్చుని అతికి మళ్ళీ వంటలోకి పోయేదాన్ని. ఇద్దరం ఏమీ అనుకునేవాళ్ళం కాదు. రోజుకి ఎన్నిసార్లో. ఆయన పోయాక ఆ తాను ఆయన చేతిపని అని దాచాను, అడిగినవాళ్ళకి అదే చెప్పాను. నా వేళ్ళు అందులో ఉన్నాయన్న మాట గడప కడిగిన సంగతి మరిచిపోయినట్టు మరిచిపోయాను.

“తాతయ్య ముడేనా నానమ్మా?” అంది వడగళ్ళు నా భుజం మీద నుంచి తొంగిచూస్తూ.

“కాదు. నాది.”

“నువ్వు కూడా నేశావా?”

“నేయలేదు. ఊరికే అతికాను.”

వడగళ్ళు తన చేతిపట్టీ తిప్పి ఆ ముడిని బొటనవేలితో తడిమింది. ఒంటికన్ను, “పట్టీ మారుస్తారా అండీ, ఎండ పోతోంది” అంది.

నేను కళ్ళజోడు తీసి కొంగుతో తుడిచాను. “ఉండనీ. ఇంకోసారి తీయి” అన్నాను. “ఈసారి ఇంకొంచెం దగ్గరగా.”

ఆ వీడియోని ఎవరెవరు చూశారో, ఏమన్నారో నాకు అంతగా పట్టదు. తరవాత ఇంకో నాలుగు పాటలకి బట్టలు చూశాను, గంజి జోలికి పోలేదు. ఎప్పుడైనా ఫోన్‌లో ఆ పాట పెట్టుకుంటే పిడికిలి వచ్చేదాకా చూస్తాను, అక్కడ ఆపుతాను. బొమ్మలో లేకపోయినా నాకు ఆ పక్కనే ఒక మనిషి కనపడుతుంది. ఆ మనిషి నడుం మీద చెయ్యి వేసుకుని, మొహం గంటు పెట్టుకుని, ‘పట్టీ విప్పండి, ఆయన పరువు పోతుంది’ అని పిల్లల్ని కసురుతూ ఉంటుంది. ఎంత నమ్మకంగా కసురుతుందో. ఎవరి ముడో చూసుకోకుండానే. ఊరికే ఉండవే అమ్మా, కాస్త వంగి చూడు అని చెప్పాలనిపిస్తుంది. చెప్పినా వినే రకం కాదు. నవ్వుకుని ఫోన్ కట్టేస్తాను, బ్యాటరీ దండగ.